రేకు మీద పేరు

నరసరావుపేటలో పాత ఇనుము కొనే కొట్టు ముందు ఒక కుప్ప ఉంది. ఆయిలింజను ముక్కలు, అరిగిపోయిన నాగలి కర్రులు, సైకిల్ రిమ్ములు. అందులో చేతికి తగిలిన చిన్న రేకును రుద్దితే ‘స్టాండర్డ్’ అని ఇంగ్లీషు అక్షరాలు తేలాయి.

“హెరాల్డ్ కారుదండీ అది. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా లేచొచ్చేది. ఇంజను చుట్టూ నిలబడి పని చేసుకునేవాళ్లం” అన్నాడు అక్కడే కూర్చున్న పాత మెకానిక్కు.

ఆయన చెప్పింది నిజమే. అయితే ఆ కారు ఇంగ్లండులో పుట్టినప్పుడు దాని ముక్కు మీద స్టాండర్డ్ అన్న మాటే లేదు. అక్కడ అది ట్రయంఫ్ హెరాల్డ్. కారు అదే, పేరే మారింది.

1903లో కోవెంట్రీ పట్టణంలో రెజినాల్డ్ మాడ్‌స్లే అనే ఇంజనీరు కంపెనీ పెట్టి దానికి స్టాండర్డ్ అని పేరు పెట్టాడు. అప్పట్లో ఆ మాటకు పరువుండేది. ప్రమాణానికి నిలిచిన సరుకని అర్థం. తర్వాత కార్ల వ్యాపారులు అన్ని హంగులున్న బండిని ‘డీలక్స్’ అనడం, ఏ హంగులూ లేనిదాన్ని ‘స్టాండర్డ్’ అనడం మొదలుపెట్టారు. ఇక కంపెనీ పేరే దాని మీద నింద అయి కూర్చుంది. పేరు పెట్టినవాడి తప్పేమీ లేదు, మాటే మెట్టు దిగింది. అదృష్టం కొద్దీ రెండో ప్రపంచయుద్ధం చివర్లో కొన్న ట్రయంఫ్ పేరు చేతిలో ఉంది. అమెరికాకు పంపిన స్టాండర్డ్ టెన్ కారును ముందుగా ట్రయంఫ్ అని అమ్మిచూశారు. 1959లో హెరాల్డ్ వచ్చేసరికి సొంత దేశంలోనూ అదే పేరు తగిలించారు. 1963కల్లా బ్రిటన్‌లో స్టాండర్డ్ అన్న కారే లేకుండా పోయింది.

మద్రాసులో మాత్రం కథ తిరగబడింది. 1948లో ఏర్పడిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961లో ఇదే బండిని స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారు చేయసాగింది. కంపెనీ పేరు స్టాండర్డ్ కాబట్టి కారూ స్టాండర్డే, అందులో వింత లేదు. కానీ మన చెవికి ఆ మాట ఎలా వినిపించేదో చూడండి. “వాళ్ల స్టాండర్డే వేరు”, “స్టాండర్డ్ ఉన్న మనిషి”. పల్నాట్లో ఇప్పటికీ ఇది మెప్పుకోలే. లండన్‌లో చౌకబారుతనం గుర్తుకు తెచ్చే రేకే గురజాలలో పరపతి. ఎగుమతి వ్యాపారంలో కారును ఓడలో పంపొచ్చు, మాట విలువను పంపలేం.

కారు లోపలి సంగతీ కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో కార్లన్నీ ఒకే డొల్లగా మారుతున్నాయి. హెరాల్డ్ మాత్రం పాత పద్ధతిలో ఛాసిస్ మీద ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించిన బండి. దానికి కారణం ఇంజనీరింగ్ ఆదర్శం కాదు, అవసరం. బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని పోటీదారు బీఎంసీ కొనేసింది. ఒకే డొల్లను కొట్టిచ్చేవాడు లేక ముక్కలుగా చేయించుకున్నారు. దానికి ఇటలీ రూపశిల్పి జొవాన్ని మికెలొట్టి సొగసు అద్దాడు. ఈ ముక్కల కట్టుబడి విడిభాగాలుగా పంపి పరాయి దేశంలో బిగించడానికి భలే కుదిరింది. 1960ల చివరికి మద్రాసువాళ్లు ఇంకో అడుగు వేసి నాలుగు తలుపుల హెరాల్డ్ చేశారు. బ్రిటన్‌లో అమ్మిన హెరాల్డ్ కార్లకు పక్క తలుపులు రెండే. ఉమ్మడి కుటుంబాన్ని ముందు సీటు మడిచి వెనక్కి దూర్చడం ఎంత అవస్థో మద్రాసువాళ్లకు తెలియదా!

వంపు తిరగడంలో దీన్ని మించింది లేదు, పాతిక అడుగుల వలయం చాలు. కానీ వెనక చక్రాలు ఇరుసు సగాలతోపాటు ఊగేవి. బరువెక్కితే బండి పంగచాచి నిలబడ్డట్టు కనిపించేది. మాచర్ల వైపు రాళ్ల లారీలు తొక్కిన దారుల్లో ఎవరైనా అంబాసిడర్‌కే ఓటేస్తారు.

ఆ అంబాసిడర్‌దీ మారుపేరే. ఇంగ్లండులో అది మూడో సిరీస్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆక్స్‌ఫర్డ్ అంటే ఎద్దులు ఏరు దాటే రేవు. అందుకే మోరిస్ ముద్రలో నీళ్లలో నడిచే ఎర్ర ఎద్దు ఉండేది. కోటప్పకొండ తిరునాళ్లకు ఎడ్లను ముస్తాబు చేసుకుని పోయే ఈ నేలకు ఇంతకంటే తగిన బొమ్మ ఏముంటుంది? తీరా ఉత్తరపారాలో తయారయ్యేసరికి మోరిస్‌తో పాటు ఎద్దూ దిగిపోయి హిందుస్థాన్ ఎక్కింది. నాకైతే ఆ ఎద్దును ఉంచాల్సిందనిపిస్తుంది.

ఆపైన మార్కులు మిగిలాయి. మార్క్ టూ, 1975 నుంచి మార్క్ త్రీ, 1979 నుంచి మార్క్ ఫోర్. ఎంచుకోవడానికి రకాలు లేని మార్కెట్లో ముందు జాలీ, లైట్లు మార్చడమే కొత్తదనం. పాత బండ్ల బ్రోకర్లు దూరం నుంచి జాలీ చూసి వయసు చెప్పేసేవారు. ఎవరూ అంతగా గమనించని మార్పు డయల్ మీద వచ్చింది, మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చాయి.

ఫియట్‌ది ఇంకో తమాషా. బొంబాయి ప్రీమియర్ కంపెనీ ఒక్క 1100 కారుకే ఎలిగెంట్, సెలెక్ట్, సూపర్ సెలెక్ట్, డిలైట్ అని పేర్లు తొడుగుతూ పోయింది. 1970ల మొదట్లో ఫియట్ పేరు తీసేసి ప్రెసిడెంట్ అంది, 1974లో పద్మిని అంది. రేకు మారింది గానీ నోరు మారలేదు. చివరి పద్మిని దాకా జనానికి అది ఫియట్ కారే.

స్టాండర్డ్ మీద మద్రాసు కంపెనీ చివరిదాకా నమ్మకం పెట్టుకుంది. 1985లో బ్రిటన్ రోవర్ ఎస్‌డీ1 ఒంటికి పాత వాన్‌గార్డ్ కారు వంశపు ఇంజను పెట్టి, మన రోడ్ల కోసం ఎత్తు పెంచి, స్టాండర్డ్ 2000 అని వదిలింది. ధర పెద్దది, ఇంజను పాతది. మూడేళ్లకే తయారీ ఆగింది.

రేకును జేబులో వేసుకోబోతుంటే కొట్టతను తూకం రాయి ముందుకు జరిపాడు. ఇత్తడా, ఇనుమా అన్నదొక్కటే అతను అడిగింది.