మీకు తెలుసా? టిల్లరులో విరుగుటకే అమర్చిన బోల్టు

1912లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ప్రాంతమున, గిల్‌గాండ్రా సమీపమందలి తండ్రిగారి పొలములో, ఆవిరియంత్రపు శక్తితో మట్టిని తిరుగుడు పనిముట్టుచే గుల్లపరచు ప్రయోగములకు పూనుకొనిన ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అను యువకుడు, తుదకు ఎల్ ఆకారపు బ్లేడులను కూర్చి రూపొందించిన సాధనమే నేటి రోటవేటరునకు, అనగా తిరుగుడు బ్లేడుల టిల్లరునకు, మూలరూపము. దాని సంరక్షణయందు ఎరుగదగిన సంగతులివి:

• ఎంత గట్టి ఉక్కుతో చేసిన బ్లేడైనను, నేలలోని ఇసుక రేణువుల నిరంతర ఘర్షణచే క్రమముగా అరిగి, అంచు మొద్దుబారి, తగిన లోతునకు దిగజాలకుండును. కొత్తవియు పాతవియు కలసినచో యంత్రము అదరును గనుక, బ్లేడులను జతలుగా మార్చి, కుడియెడమల భేదమెరిగి, పదునంచు తిరుగు దిశకు ముందుండునట్లు బిగింపవలెను.

• కొన్ని టిల్లరులయందు ఇరుసునకు షియర్ బోల్టు అను మెత్తని బోల్టు కలదు. బ్లేడు రాతికో, వేరుకో తగిలినప్పుడు అది తాను తెగి, వెలగల గేరుబాక్సును కాపాడును. తరచుగా తెగుచున్నదని విసిగి, దాని స్థానమున గట్టి బోల్టు వేసినచో, ఆ దెబ్బ నేరుగా గేరుల పండ్లపై పడును.

• ఇరుసునకు చుట్టుకొనిన గడ్డిని, తీగెను ఎప్పటికప్పుడు కోసి తీయనిచో, అవి లోనికి చొరబడి ఆయిల్ సీలును చీల్చును. ఇరుసు మొదట జిడ్డు కనబడుట దాని తొలి సూచన.

• పెట్రోలు టిల్లరునందు ఏ భాగమును ముట్టుటకు ముందైనను, ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు తీగెను ఊడదీయుట మరువరాదు.