వచ్చే జన్మ ఎవరు చూశారు?

"ఏంటి వదినా ఆ మాటలు! కళ్ళు తీసి పంపిస్తే అన్నయ్య వచ్చే జన్మలో గుడ్డివాడై పుట్టడూ?"

మా పక్కింటి బాబాయిగారు పోయిన రోజున వినిపించిన మాట ఇది. తన కళ్ళు దానం చేయమని ఆయన బతికుండగా భార్యకు నాలుగైదుసార్లు చెప్పారు. పిన్నిగారు ఆ సంగతి ఎత్తారో లేదో, ఆడపడుచు అడ్డుపడింది. కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. పిన్నిగారు మళ్ళీ నోరెత్తలేదు. ఊరినించి అందరూ వచ్చేసరికి సాయంత్రమైంది. టైము దాటిపోయింది.

నెల మాసికం అయ్యాక ఆవిడ నాతో అన్నారు: "ఆయన అడిగింది అదొక్కటే. అదీ చేయలేకపోయాను. వచ్చే జన్మ ఎవరు చూశారమ్మా?"

నిజమే, ఎవరు చూశారు? ఈ ప్రశ్న ఈనాటిది కాదు. మనిషి పోయాక ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటారు, ఏది నిజమని కఠోపనిషత్తులో నచికేతుడు సాక్షాత్తూ యముణ్ణే అడిగాడు. చివరికి జవాబు చెప్పాడు గానీ, ముందు యముడూ తప్పించుకోవాలనే చూశాడు. దేవతలకే దీనిమీద సందేహం ఉండేది, ఇంకో వరం కోరుకోమన్నాడు. అంటే సందేహం రావడం పాపమేమీ కాదన్నమాట!

మరి సైన్సు ఏమంటోంది? "ఆత్మ బరువు 21 గ్రాములని సైంటిస్టులు తేల్చారట" అనే మాట మీరూ వినే ఉంటారు. దాని కథ ఇదీ. అమెరికాలో డంకన్ మెక్‌డూగల్ అనే డాక్టరు చావుకు దగ్గరైన రోగులను మంచంతో సహా తూకం మీద ఉంచి, ప్రాణం పోయేటప్పుడు బరువు చూశాడు. ఆ ఫలితాలు 1907లో అచ్చయ్యాయి. చూసింది ఆరుగురిని. అందులో ఇద్దరి లెక్కలు పనికిరావని ఆయనే పక్కన పెట్టేశాడు. 21 గ్రాములన్నది మిగిలిన నలుగురిలో ఒక్కరిదే. తక్కినవాళ్ళ తూకాలు దానితో పొసగలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం, నిజమే. కానీ నాలుగు మెతుకులు పట్టుకుంటే నాలుగూ నాలుగు రకాలుగా ఉంటే, ఆ అన్నం ఎవరికైనా వడ్డిస్తామా?

ఇంకో ప్రయత్నం 2014లో వెలువడింది. గుండె ఆగి మళ్ళీ బతికినవాళ్ళు కొందరు "పైనుంచి నా ఒంటిని నేనే చూసుకున్నాను" అంటుంటారు కదా! అది పరీక్షించడానికి కొన్ని ఆసుపత్రుల్లో ఎత్తున అరలు కట్టి, పైనుంచి చూస్తే తప్ప కనిపించని బొమ్మలు పెట్టారు. బతికినవాళ్ళలో 140 మందితో మాట్లాడారు. బొమ్మ చూశామన్నవారు ఒక్కరూ లేరు. అయితే చాలామందికి గుండె ఆగిన చోట ఆ అరలే లేవు. కాబట్టి దాంతో ఏదో తేలిపోయిందనీ అనలేం. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడమే సైన్సు పద్ధతి.

తెలిసిన సంగతి మాత్రం ఒకటుంది. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది, దాని పేరు కార్నియా. దానికి రక్తనాళాలుండవు. కావలసిన ఆక్సిజన్ చాలావరకు గాలిలోంచే, కన్నీటి తడి ద్వారా అందుతుంది. అందుకే గుండె ఆగిపోయినా ఆ పొర కొన్ని గంటలపాటు పాడవదు. 1905లోనే ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు ఒకరి కార్నియాను మరొకరికి అమర్చి చూపు తెప్పించాడు. ఈనాడు ఒకరి కళ్ళతో కార్నియా దెబ్బతిన్న ఇద్దరికి చూపు రావచ్చు. చావు తర్వాత బతుకంటే ఇదీ ఒకటే కదా!

సరే, మరుజన్మ ఉందనే అనుకుందాం. చితిమీద ఒళ్ళంతా బూడిదవుతుంది. బూడిదైన కాళ్ళూ చేతులూ వచ్చే జన్మలో తిరిగొస్తాయి గానీ, ఇంకొకరికిచ్చిన కళ్ళు మాత్రం రావా? ఇదెక్కడి లెక్క? ఉంటే పుణ్యమే దక్కుతుంది, లేకపోతే పోయేదేమీ లేదు.

ఇక చేయాల్సినవి గుర్తుంచుకోండి. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు కళ్ళు తీసుకోవాలి. అందుకే వెంటనే దగ్గర్లోని నేత్రనిధికి ఫోను చేయాలి. ఫ్యాను ఆపేయాలి. రెప్పలు మూసి పైన తడి దూది ఉంచాలి. తల కింద దిండు పెట్టాలి. వాళ్ళే ఇంటికొస్తారు. అరగంట కూడా పట్టదు, మొహం వికారంగా మారదు. కళ్ళజోడు వాడినా, శుక్లాల ఆపరేషన్ అయినా, సుగరున్నా ఇవ్వవచ్చు. ఎయిడ్స్, రేబిస్, కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్ వైరస్‌లాంటివి ఉంటే మాత్రం తీసుకోరు. ముందుగా కాగితం మీద సంతకం పెట్టకపోయినా ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే చాలు.

ఒప్పుకోవడమే కష్టం! ఏడుపుల మధ్య, చుట్టాల మధ్య ఒక ఆడది గొంతెత్తి "ఆయన ఇలా కోరారు" అని చెప్పగలగాలంటే, ఆ మాట ముందే ఇంటిల్లిపాదికీ తెలిసుండాలి. భార్యకొక్కదానికే చెప్పి ఊరుకుంటే చాలదు.

చచ్చాక ఏమవుతామన్న ప్రశ్న అనవసరమని నేననను. జవాబు కోసం జీవితమంతా ఆలోచించవచ్చు, ఎవరి నమ్మకం వారిది. కానీ ఆ ఆరు గంటల్లో అడగాల్సిన ప్రశ్న వేరు: పోయినాయన ఏం కోరుకున్నారు?

మొన్న పిన్నిగారు కొడుకులనూ కోడళ్ళనూ భోజనాల దగ్గర కూర్చోబెట్టి తన కళ్ళ సంగతి చెప్పారట. ఆడపడుచును కూడా పిలిచి మరీ!