దుబ్బుల లెక్క

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పేర్లు విన్నంతనే వరిచేలు కన్నులకు కట్టును. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వచ్చినది మొదలు ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ పరిసరములు వరికి నెలవులైనవి. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు, చెరువులు, బావులు సేద్యమునకు ఆధారములు. ఈ చేలే మన కళాశాల విద్యార్థులకు మంచి ప్రయోగశాలలు కాగలవని మేము మనవి చేయుచున్నాము.

ప్రాణులకును వాని పరిసరములకును గల సంబంధమును తెలుపునది జీవావరణ శాస్త్రము. ఆహారపు గొలుసు అననేమో విద్యార్థి పుస్తకము చూచి నేర్వవచ్చును. కాని ‘మా చేనిలో దోమ పెరుగుచున్నదా, తగ్గుచున్నదా?’ అని రైతు అడిగినపుడు నిర్వచనము అక్కరకు రాదు, లెక్క కావలెను. చూచి, ఎంచి, వ్రాసికొన్న వివరములే దత్తాంశములు. ఆ లెక్కల నడకను సూత్రముగా కూర్చి ముందేమి జరుగునో అంచనా వేయునది గణిత నమూనా.

సుడిదోమనే తీసికొందము. ఇది దుబ్బు మొదట చేరి రసము పీల్చును; పైరు సుడులు సుడులుగా ఎండిపోవును. దుబ్బుకు 10 నుండి 15 దోమలున్నచో మందును గూర్చి యోచింపవలెనని వ్యవసాయ శాస్త్రవేత్తలు సాధారణముగా చెప్పుదురు. విద్యార్థి 10 దుబ్బులు చూచినాడనుకొందము. ఎనిమిదింటిలో రెండేసి, మిగిలిన రెండింటిలో అరువదేసి దోమలున్నవి. మొత్తము 136, సగటు 13.6. సగటును మాత్రమే నమ్మినచో చేనంతటికి మందు కొట్టవలెను. నిజమునకు బెడద ఒక్క మూలనే ఉండవచ్చును. గట్టు వెంట నడచి ఆ ఎనిమిదింటినే చూచిన వానికో, దోమ బెడదయే లేదని తోచును. రెండు విధములను నష్టపడునది రైతే. కావున చేనిలోని ఏ దుబ్బులను మాదిరిగా ఎన్నుకొనవలెనో నేర్పుట మొదటి పాఠము. దోమ కనిపించని దుబ్బుకు సున్న వ్రాయుటయు నేర్పవలెను, సున్నయు దత్తాంశమే.

ఇక నమూనా మాట. వారమునకు రెట్టింపగునవి 2, 4, 8, 16, 32 అని సాగును. కాని ఏ ప్రాణియు ఎల్లకాలము అట్లు పెరుగజాలదు. తిండి, చోటు చాలక పెరుగుదల మందగించును. ఈ సంగతిని 1838లో బెల్జియం గణితజ్ఞుడు వెర్హుల్స్ట్ సూత్రబద్ధము చేసెను. 1926లో ఇటలీకి చెందిన వోల్టెర్రా మరొక అడుగు ముందుకు వేసెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఏడ్రియాటిక్ సముద్రములో చేపలవేట తగ్గగా, ఇతర చేపలను తిను చేపల పాలు హెచ్చినది. అదేల అని డాంకోనా అను జంతుశాస్త్రవేత్త ప్రశ్నింపగా, వోల్టెర్రా గణితముతో సమాధానము వెదకెను.

ఆ సమాధానము మన వరిచేనికిని వర్తించును. సాలీడు దోమను తిని బ్రతుకును. మందు రెంటిని సమముగా చంపినను సాలీడుకు దెబ్బలు రెండు: తాను చచ్చును, తిండియు తరుగును. దోమకు దెబ్బ ఒకటి, మేలు ఒకటి: శత్రువు తగ్గును. అందుచేత కొన్నాళ్లకు దోమ మునుపటికంటె విజృంభింపవచ్చును. ఇండోనేషియాలో ఇట్టి అనుభవము కలిగిన పిమ్మట, 1986లో అక్కడి ప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించినది.

అయినను నమూనా వేదవాక్యము కాదు. గాలివాటున రెక్కల దోమలు వచ్చి చేరవచ్చును. రైతు కాలిబాటలు తీసియుండవచ్చును, నీరు తీసి చేనిని ఆరగట్టియుండవచ్చును. కావున విద్యార్థి ముందుగా తన అంచనాను తేదీతో వ్రాసి, మరుసటి వారము చేనికి పోయి సరిచూడవలెను. తప్పినచో ఏ సంగతి విడిచితినని వెదకవలెను. ఇదియే అసలు చదువు. తొలుత పెన్సిలు, గళ్ల కాగితము చాలును. పిదప ‘ఆర్’ వంటి ఉచిత కంప్యూటర్ సాధనములు నేర్పవచ్చును. నల్లగొండలో 2007లో ఏర్పడిన మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయపు పరిధిలోని కళాశాలలకు చేలు ఎంతో దూరమున లేవు.

శ్రోతలలో రైతు కుటుంబముల వారు అనేకులుందురు. ఏ విద్యార్థియైన నోటుపుస్తకముతో మీ గట్టుకు వచ్చినచో దయతో దారి చూపుడు. మందు ఎప్పుడు కొట్టినారో, నీరు ఎన్నడు కట్టినారో చెప్పుడు. మీ నోట వెలువడు ఆ తేదీలు లేనిదే అతని లెక్క పూర్తి కాదు.