1935 డెన్మార్క్ ఎన్నికలు: నినాదం, రాజీ
ఆర్థికమాంద్యం నడుమ 1935 అక్టోబరు 22న డెన్మార్క్ దిగువసభ ఫోల్కెటింగ్‌కు ఎన్నికలు జరిగాయి. ‘స్టౌనింగా, అరాచకమా’ అన్న నినాదంతో పోటీచేసిన ప్రధాని థోర్వాల్డ్ స్టౌనింగ్ పక్షం, సోషల్ డెమొక్రాట్లు, 149 స్థానాలలో 68 గెలుచుకున్నారు. 1932లో వారి బలం 62. నాజీ పార్టీకి ఒక్క స్థానమూ దక్కలేదు.

అయితే ఈ విజయాన్ని కేవలం నినాదానికి ఆపాదించడం సమంజసం కాదు. హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ అయిన 1933 జనవరి 30నే కోపెన్‌హాగన్‌లో కాన్స్‌లర్‌గేడ ఒప్పందం కుదిరింది. ఎగుమతులపై ఆధారపడిన రైతులకోసం క్రోన్ విలువ తగ్గింపు, శ్రామికులకోసం సామాజిక సంస్కరణలు అందులోని ప్రధానాంశాలు. ఆ రాజీకి అంగీకరించిన రైతుల ప్రతిపక్షం వెన్‌స్ట్రె మాత్రం 1935లో 38 స్థానాల నుంచి 28కి పడిపోయింది. స్టౌనింగ్‌కు సైతం సొంత మెజారిటీ రాలేదు. 14 స్థానాల సోషల్ లిబరల్ పార్టీ భాగస్వామ్యంతోనే ప్రభుత్వం కొనసాగింది. ఒక వ్యక్తి పేరిట అడిగిన తీర్పు పలు పక్షాల సర్దుబాటుపై నిలిచింది.