పెద్దాయన గెలుస్తాడు సరే, పార్టీని గెలిపిస్తాడా?

ఆదోని మార్కెట్ యార్డు కాడ ఉగ్గాని తింటావుంటే మా ఊరి పిల్లోడొకడు అడిగినాడు: "అన్నా, ఇన్నిసార్లు గెల్సిన పెద్దాయన్ని పార్టీకి నాయకుణ్ణి చేస్తే రాష్ట్రమంతా ఓట్లు పడవా?"

పడొచ్చు, పడకపోనూవచ్చు. దీనికి లెక్క మన జిల్లాలోనే ఉందప్పా. కోట్ల విజయభాస్కర రెడ్డిని కర్నూలు జనం ఆరుసార్లు పార్లమెంటుకు పంపినారు: 1977, 1980, 1989, 1991, 1996, 1998. అంత పట్టున్న మనిషిని ఢిల్లీ కాంగ్రెస్ పెద్దలు రెండుసార్లు ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చోబెట్టినారు. రెండుసార్లూ ఆ తర్వాతొచ్చిన ఎన్నికల్లో పార్టీ మునిగింది. 1983లో 60 సీట్లు, 1994లో 294కు 26.

తప్పంతా ఆయనదేనా? నేనట్ల అనను. 1982 సెప్టెంబర్‌లో ఆయనొచ్చే సరికి చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్ వచ్చి పోయినారు. నాలుగున్నరేండ్లలో నాలుగో ముఖ్యమంత్రి. అవతల ఎన్టీఆర్ చైతన్యరథం ఎక్కి ఆత్మగౌరవం అంటూ ఊరూరా తిరుగుతాండాడు. ఎన్నికలకు మూడున్నర నెలలే ఉంది. ఇల్లు కాలుతుంటే బాయి తవ్వమన్నట్ల.

రెండోసారి టైమున్నింది, రెండేండ్లు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు మొదలుపెట్టిన పోరాటానికి తలొగ్గి 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ చేసినాడు. చిన్న పని కాదది. ఎన్టీఆర్ మాత్రం మందు మొత్తం బంద్ చేస్తా, రెండు రూపాయలకే బియ్యం ఇస్తా అన్నాడు. జనం అటు పోయినారు.

వయసైపోయి ఓడినాడంటారు కొందరు. మరి చెన్నారెడ్డి సంగతేంది? కోట్ల కంటే ఏడాది పెద్ద. 1978లో, మళ్ళీ డెబ్బై ఏండ్లప్పుడు 1989లో, పార్టీని ముందుండి గెలిపించినాడు. తేడా యాడుందంటే, ఆయన రెండుసార్లూ కుర్చీలో ఉన్నోళ్ళ మీదికి ఎదురుపోయినాడు. కోట్ల మాత్రం తనకు ముందు ఏలినోళ్ళ పాపం నెత్తిన పెట్టుకోని పోయినాడు. వైఎస్ కూడా 2003 నాటికి పాత లీడరే, పాతికేండ్లుగా రాజకీయాల్లో ఉండాడు. అయినా ఎండల్లో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిస్తేనే తెలీని జనం ఆయన్ని సూసినారు.

మన కాడ పెద్దాయనకు ఓటు ఎందుకు పడుతుంది? పెండ్లికొస్తాడు, సావుకొస్తాడు, స్టేషన్‌కు ఫోన్ కొడతాడు. ఆ ఫోను ఎమ్మిగనూరు దాటితే పనిచేయదు. శ్రీకాకుళంలో చేపలు పట్టేటోనికి ఆయన మొగమే తెలీదు. వానికి చెప్పేదానికి ఆయన కాడ ఏముంది? పార్టీలు అడగాల్సిన మాట ఇది. ఎన్నిసార్లు గెల్సినాడనేది ఆ తర్వాత.

"మరి ఎట్ల తెలుస్తాదన్నా?" అన్నాడు పిల్లోడు. వాళ్ళమ్మానాయనా సుగ్గికి పోయినారు, గుంటూరు సైడు మిరప కోతకు. ఈ వలసల మీద పెద్దాయన ఇన్నేండ్లలో అసెంబ్లీలో ఏం మాట్లాడినాడో, ఎల్లెల్సీ నీళ్ళు చివరి పొలానికి ఎందుకు రావని ఎవర్ని నిలదీసినాడో ముందు కనుక్కో అని చెప్పినా. ఫోన్ తీసి ఎతకబట్టినాడు.