రేడియేటర్‌కి గాలి పట్టింది!

ఎండాకాలం సెలవులొస్తే కోయంబత్తూరులో ఉండేవాళ్ళకి నీలగిరి కొండలు పక్కింటి అరుగులాంటివి. పొద్దున్నే బయల్దేరితే టిఫిను వేళకి మేట్టుపాళయం, భోజనం వేళకి ఊటీ. 2019 మే నెలలో మేమూ అలాగే బయల్దేరాం. అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, పదకొండేళ్ళ మా పెట్రోలు కారు. ఊటీ మాత్రం చేరలేదు. దారిలో నేర్చుకున్న పాఠం కారున్న ప్రతి ఇంటికీ పనికొస్తుందనిపించి ఇది రాస్తున్నాను.

ముందురోజు సాయంత్రం రేడియేటర్ పై హోస్ పైపు పగుళ్ళిచ్చిందని షెడ్డులో మార్పించాను. అక్కడి కుర్రవాడు కొత్త పైపు బిగించి, కూలెంట్ మూతిదాకా పోశాడు. "ఇంజను కాసేపు నడిపి చూడాలి సార్, అరగంట పడుతుంది" అన్నాడు. "నిండింది కదా, చాల్లే" అని నేనే తొందరపెట్టాను. తప్పు అక్కడే జరిగింది. చేసింది నేనే.

మేట్టుపాళయం దాకా ఏ ఇబ్బందీ లేదు. అక్కణ్ణుంచి కూనూరుకి సుమారు 1,500 మీటర్లు ఎక్కాలి. రెండో గేరులో, నిండు బరువుతో, ఏసీ వేసుకుని ఎక్కుతుంటే ఇంజనుకి పని ఎక్కువ, రేడియేటర్‌కి తగిలే ఎదురుగాలి తక్కువ. నాలుగైదు మలుపులు తిరిగేసరికి వేడి చూపించే ముల్లు సగం దాటింది. డాష్‌బోర్డు వెనక నుంచి గుడగుడమని నీళ్ళ చప్పుడు. ఏసీ ఆపేశాను. ఇంజను వేడెక్కితే హీటరు పూర్తిగా తిప్పాలని, అది కొంత వేడిని లాగేస్తుందని ఎక్కడో చదివాను. తిప్పాను. చిత్రం! వేడిగాలి రావలసిన చోట మామూలు గాలే వచ్చింది.

అంతలో ముల్లు గభాలున కిందికి దిగింది. హమ్మయ్య అనుకున్నాను. రెండు నిమిషాలైనా కాకముందే బోనెట్ సందుల్లోంచి ఆవిరి! కారు పక్కకి తీసి, ఇంజను ఆపి, నీళ్ళ సీసా పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాను.

"ఆగు నాయనా!" అంది అమ్మ. "కాలిన బండ మీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుంది?" పూర్వం బావి తవ్వేటప్పుడు బండ అడ్డొస్తే మంట పెట్టి, నీళ్ళు చల్లి పగలగొట్టేవారట. అమ్మ చెప్పింది నిజమే. మరిగిన ఇంజనులో చన్నీళ్ళు పోస్తే లోహం పగలవచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం మూత తియ్యడం. రేడియేటర్‌లో నీరు ఒత్తిడిలో ఉంటుంది కనక 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి ముఖాన కొడుతుంది. ఆ రోజు అమ్మ ఆపకపోతే నా ముఖం ఎలా ఉండేదో!

"నిన్ననే నిండా పోశారమ్మా, ఎక్కడా కారడం లేదు" అన్నాను.

"అయితే మన బావి మోటారుకి పట్టినట్టు గాలి పట్టిందేమో" అంది.

అదే జరిగింది. వ్యవసాయం ఎరిగిన ఇళ్ళలో ఈ మాట అందరికీ తెలుసు. పైపులో గాలి చేరితే మోటారు ఎంత తిరిగినా నీళ్ళు రావు. కారులో కూలెంట్‌ని తిప్పే పంపూ అదే జాతిది. నీటిని నెడుతుంది, గాలిని నెట్టలేదు. చెంబు బోర్లించి నీళ్ళలో ముంచి చూడండి. లోపలి గాలి పోయేదాకా నీరు లోపలికి రాదు. కాస్త వంచితే బుడబుడమని గాలి బయటికొస్తుంది. రేడియేటర్ మూతిదాకా నీరు కనిపించినా, ఇంజను లోపల, హీటరు గొట్టాల్లో గాలి తిష్ఠ వేసి ఉండవచ్చు. సమానమైన పరిమాణంలో చూస్తే నీరు మోసే వేడి గాలి మోసేదానికి 3,000 రెట్లకు పైగా ఉంటుంది. గాలి ఉన్నచోట ఇంజను కాలిపోతున్నట్టే లెక్క. హీటరు చల్లగా ఊదింది అందులోకి వేడి నీరు చేరక. ముల్లు దిగింది ఇంజను చల్లబడి కాదు, వేడిని కొలిచే పరికరం చుట్టూ నీరు లేక!

గంటన్నర ఆగాం. ఇంజను చేత్తో తాకగలిగేంత చల్లారాక, మూత మీద మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాను. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు లీటరున్నర పట్టాయి. మా కారులో మొత్తం పట్టేదే నాలుగైదు లీటర్లు! కారు ముఖం ఎగువకి ఉండడం మాకు కలిసొచ్చింది. మూత అన్నిటికంటే ఎత్తులో ఉండి, గాలి దానంతట అదే పైకొచ్చింది. వెనక్కి తిరిగి నిదానంగా మేట్టుపాళయం దిగిపోయాం. పిల్లల అలక గురించి చెప్పనక్కర్లేదు.

మర్నాడు ఇంటి దగ్గర తీరుబడిగా చేసిన పని ఇది. ఇంజను పూర్తిగా చల్లగా ఉండాలి. కారు ముందు చక్రాలు కాస్త ఎత్తుగా ఉండేటట్టు వాలులో నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాలి. హీటరు పూర్తి వేడికి తిప్పాలి. మూత తీసి, గరాటుతో కూలెంట్ సన్నని ధారగా పోయాలి. మధ్యమధ్య హోస్ పైపుల్ని చేత్తో పిసికి వదలాలి. కొన్ని కార్లకి గాలి తీయడానికే పైన ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చాక బిగించాలి.

తరువాత మూత తీసే ఉంచి ఇంజను స్టార్టు చేసి వదలాలి. బుడగలు వస్తుంటాయి, నీటిమట్టం తగ్గుతుంటుంది, పోస్తుండాలి. వేడి 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. అప్పుడు మట్టం ఒక్కసారి పడిపోతుంది. కంగారు పడకుండా మళ్ళీ నింపాలి. ఆ సమయంలో ముఖం మూతి మీదికి పెట్టకండి, పొంగవచ్చు. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగి, బుడగలు నిలిచి, హీటరు వేడిగాలి ఊదితే పని అయినట్టే. మూత బిగించి, పక్క డబ్బాలో రెండు గీతల మధ్యకి నింపాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మరోసారి చూడాలి. రేడియేటర్‌కి మూతే లేని కార్లూ ఉన్నాయి. వాటికి కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్టే చెయ్యాలి.

ఎంతసేపటికీ బుడగలు ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని, మండిన వాయువు నీటిలోకి వస్తోందేమోనని అనుమానించాలి. అది మెకానిక్కు చూడవలసిన పని. మా అదృష్టం, అమ్మ అడ్డుకోవడం వల్ల మాకు ఆ ఖర్చు తప్పింది.

ఇంకొక్క మాట. కూలెంట్ తియ్యగా ఉంటుంది కాని చాలా రకాల్లో ఉండేది ఇథిలిన్ గ్లైకాల్ అనే విషం. కింద ఒలికింది పిల్లలకీ, కుక్కలకీ, ఆవులకీ అందకుండా వెంటనే కడిగేయండి.

ఆ డిసెంబరులో మళ్ళీ బయల్దేరాం. ఈసారి షెడ్డులో అరగంట అంటే గంట కూర్చున్నాను. ఊటీలో తెల్లవారుజామున చలికి పిల్లలు వణుకుతుంటే హీటరు తిప్పాను. వెచ్చటి గాలి వచ్చింది. వెనక సీటులో అమ్మ శాలువా తీసి మడిచి ఒళ్ళో పెట్టుకుంది.