ధాన్యపు కొట్టు కట్టించుకొను రైతు తెలిసికొనవలసిన కట్టుబడి మాటలు

పంట బాగుగా పండి నాలుగు డబ్బులు మిగిలిన ఏడు, గింజ దాచుకొనుటకు ఒక పక్కా కొట్టు కట్టించుకొనవలెనని రైతు తలచుట సహజము. మేస్త్రి వచ్చి పునాది, బేస్‌మెంటు, లింటెలు, సెంట్రింగు, స్లాబు అని లెక్క చెప్పును. రైతు తల ఊపును. విత్తనము కొనునపుడు మొలక శాతము అడిగి మరీ కొను రైతే, కట్టుబడి దగ్గరకు వచ్చుసరికి మాట తెలియక ఊరకుండును. దాని వలన కలుగు నష్టము కట్టినవానిది కాదు, కట్టించుకొన్నవానిది.

నేను పనిచేసిన ఒక గ్రామములో ఒక రైతు వేరుశనగ విత్తనపు కాయ నిలువ చేయుటకు కొత్త కొట్టు కట్టించెను. కాయ చక్కగా ఎండినది. పైకప్పు కురియలేదు. అయినను వానాకాలములో గోడలు నేల నుండి మోకాలెత్తు వరకు చెమ్మగిల్లినవి. గోడకు ఆనించిన అడుగు బస్తాలలోని కాయకు బూజు పట్టినది. మొలక పరీక్ష చేసి చూడగా ఆ బస్తాలు విత్తనమునకు పనికిరావని తేలినది. గోడలో తేమను ఆపు పొర వేయకపోవుటయే ఇందుకు కారణము. ఒప్పందపు కాగితములో ఆ పేరే లేదు. "కాగితములో లేనిది నేనెట్లు వేయుదును?" అని కాంట్రాక్టరు అడిగెను. "అట్టిది ఒకటున్నదని తెలిసినగదా నేను అడుగుట!" అని రైతు వాపోయెను. ఇద్దరి మాటయు నిజమే. కావున కొట్టు కట్టించుకొనువారు ముందుగా తెలిసికొనవలసిన ముఖ్యమైన మాటలను పని జరుగు వరుసలోనే ఇచట వివరించుచున్నాను.

చదరపు అడుగు లెక్క

"చదరపు అడుగుకు ఇంత" అని బేరము కుదుర్చుకొనుట వాడుక. ఏ కొలత ప్రకారము అన్నది మొదట అడుగవలెను. వెలుపలి గోడల అంచు నుండి కొలిచిన దానిని ప్లింతు ఏరియా అందురు. గోడల మందము పోగా లోపల మిగులు నేలను కార్పెటు ఏరియా అందురు. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల కొట్టుకు ప్లింతు ఏరియా 240 చదరపు అడుగులు. గోడలు 9 అంగుళముల మందమైనచో లోపలి కొలత పద్దెనిమిదిన్నర, పదిన్నర అడుగులు. అనగా సుమారు 194 చదరపు అడుగులే. బస్తాలు పట్టునది ఈ 194 అడుగులలోనే. రేటు కూలికి మాత్రమేనా, సామానుతో సహానా. గచ్చు, తలుపులు, సున్నము అందులో చేరినవా అన్నదియు కాగితముపై వ్రాయించుకొనవలెను.

ముగ్గు, పునాది

ముగ్గు పోసిన పిమ్మట ఎదురెదురు మూలల మధ్య రెండు ఐమూల కొలతలును తీసి చూడవలెను. రెండును సమానమైనచో మూలలు సరిగా ఉన్నట్లే. పైన చెప్పిన 20, 12 అడుగుల కొట్టుకు ఐమూల 23 అడుగుల 4 అంగుళములు రావలెను.

నల్లరేగడి నేల తడిసిన ఉబ్బును, ఎండిన కుంగి నెఱ్ఱెలు విచ్చును. ఈ నేలలో పునాది పైపైన వేసినచో గోడలు పగులును. నెఱ్ఱెల లోతు రైతుకే బాగుగా తెలియును. పునాది అంతకంటె లోతునకు పోవలెను. ఎంత లోతు, ఏ తీరు అన్నది ఇంజనీరును అడిగి నిర్ణయించుకొనుట మేలు.

బేస్‌మెంటు, తేమ అడ్డుపొర

నేల మట్టము నుండి లోపలి గచ్చు మట్టము వరకు గల కట్టుబడిని మన వైపు బేస్‌మెంటు అందురు. ఇంజనీర్లు దీనినే ప్లింతు అందురు. ధాన్యపు కొట్టుకు ఇది రెండు అడుగులకు తగ్గకుండుట మంచిది. వరద నీరు నిలుచు ఊళ్లలో ఇంకను ఎత్తు కావలెను.

దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్లు ఇటుక గోడ నేలలోని తేమను పైకి పీల్చును. దీనిని ఆపుటకు బేస్‌మెంటు పైన, గోడ మొదలగు చోట, గోడ మందమంతటికిని ఒక గట్టి పొర వేయుదురు. దీని పేరే డి.పి.సి., అనగా తేమ అడ్డుపొర. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు చిన్న కంకర గల కాంక్రీటులో నీటిని ఆపు మందు కలిపి, ఒకటిన్నర అంగుళము మందమున వేయుట వాడుక. గచ్చు క్రింద కూడ మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచి, దానిపై కాంక్రీటు వేసినచో నేల తేమ బస్తాలకు ఎక్కదు. తరువాత గోడ ప్రక్కన మట్టిగాని ఎరువుగాని ఈ పొరకు పైవరకు పోయరాదు. పోసినచో తేమ దానిని దాటి గోడలోనికి పోవును.

గోడ లేచిన తరువాత ఈ పొర చేర్చుట మిక్కిలి కష్టము, ఖర్చును ఎక్కువ. పైన చెప్పిన రైతు ఇప్పుడు కొయ్య పలకలపై, గోడకు రెండడుగుల దూరమున బస్తాలు పేర్చుకొనుచున్నాడు. కొట్టులో కొంత చోటు వ్యర్థమైనను గింజ దక్కుచున్నది.

పాళ్లు, మాలు

"ఒకటికి ఆరు" అనిన ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక. పాళ్లను తట్టలతో కొలువరాదు. 50 కిలోల సిమెంటు బస్తా సుమారు 35 లీటర్లుండును. లోపలి కొలత 40, 35, 25 సెంటీమీటర్లు గల కొయ్య పెట్టె సరిగా 35 లీటర్లు పట్టును. బస్తాకు ఇట్టివి ఆరు పెట్టెల ఇసుక కలిపిన ఒకటికి ఆరు అగును. చెమ్మగా ఉన్న ఇసుక ఉబ్బి ఎక్కువగా కనబడునని గుర్తుంచుకొనవలెను. నీరు కలిపిన మాలును అరగంటలోపల వాడుట మంచిది. గట్టిపడిన మాలులో మరల నీరు పోసి వాడనీయరాదు.

లింటెలు, స్లాబు, కవరు

తలుపు, కిటికీల పైన గోడ బరువును మోయు కాంక్రీటు దూలము లింటెలు. స్లాబు పోయుటకు ముందు క్రింద నిలుపు రేకులు, పోట్లు సెంట్రింగు. ఇనుప చువ్వకు, స్లాబు అడుగు భాగమునకు మధ్య ఉండవలసిన కాంక్రీటు మందము కవరు. స్లాబుకు ఇది 20 మిల్లీమీటర్లకు తగ్గరాదు. చువ్వల క్రింద కవరు బిళ్లలు లేనిచో చువ్వ త్రుప్పు పట్టి స్లాబు పెచ్చులూడును. చువ్వల లావు, దూరము మాత్రము ఇంజనీరే నిర్ణయింపవలెను.

చువ్వ బరువును రైతే సరిచూచుకొనవచ్చును. లావును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానితోనే హెచ్చవేసి 162 చే భాగించిన, మీటరుకు ఎన్ని కిలోలో వచ్చును. 10 మిల్లీమీటర్ల చువ్వ 12 మీటర్ల పొడవునకు సుమారు 7 కిలోల 400 గ్రాములు తూగవలెను.

క్యూరింగు

దీనినే నీళ్లు పట్టుట అందురు. సిమెంటు గట్టిపడుట ఆరుట వలన కాదు, నీటితో కలియుట వలన. అందుచే స్లాబుపై మడులు కట్టి నీరు నిలుపవలెను. సాదా సిమెంటుకు 7 రోజులు, ఎండ తీవ్రమైనపుడు 10 రోజులు తగ్గరాదు. బూడిద కలిపిన పి.పి.సి. సిమెంటుకు 14 రోజులు మేలు. నారుమడికి నీరు పెట్టుట మరువని రైతు దీనిని మేస్త్రికి వదలివేయరాదు.

సొమ్ము చెల్లింపు

బేస్‌మెంటు మట్టము, లింటెలు మట్టము, స్లాబు, పూత అని పనిని దశలుగా విభజించి, ఒక్కొక్క దశను కొలిచి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను. కొంత మొత్తమును మొదటి వానాకాలము గడచువరకు ఆపుకొనుటకు ముందుగానే ఒప్పుకొని వ్రాసికొనవలెను. గ్రామాధికారులు రైతుల ఒప్పంద పత్రములు చూచునపుడు, తేమ అడ్డుపొర, పాళ్లు, కవరు, నీళ్లు పట్టు రోజులు అను ఈ నాలుగును అందులో ఉన్నవో లేవో చూచి చెప్పినచో రైతులకు ఎంతయో మేలు చేసినవారగుదురు. పునాది త్రవ్వకముందు కాగితములో చేర్చిన ఒక్క మాట, ఏడాది కష్టపడి పండించిన గింజను కాపాడును.